ప్రాసెసర్ చివర కొనండి: ఇంటి స్టోరేజ్ సర్వర్‌కి పార్టులు ఎంచుకోవడం ఎలా

గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి ఉచిత అన్‌లిమిటెడ్ నిల్వ ఆపేసింది. అప్పటిదాకా మా ఇంట్లో ఫొటోల సైజు గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరి ఫోనూ స్టోరేజ్ నిండిపోయిందని గోల పెట్టడం మొదలైంది. సొంతంగా ఒక సర్వర్ కట్టేద్దామని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ పార్టులు అమ్మే సీటీసీకి వెళ్లాను. ముందు మంచి ప్రాసెసర్ కొన్నాను. దానికి తగ్గ బోర్డు కొన్నాను. ఎదురుగా అద్దమూ లోపల రంగు లైట్లూ ఉన్న క్యాబినెట్ కొన్నాను. డిస్కుల దగ్గరికి వచ్చేసరికి జేబులో మిగిలిన డబ్బుకి ఏది వస్తే అది తెచ్చుకున్నాను.

ఏడాది తిరక్కుండానే ప్రాసెసర్, బోర్డు తప్ప అన్నీ మార్చాల్సి వచ్చింది. ఆ ప్రాసెసరేమో ఇప్పటికీ రోజులో ఎక్కువ సేపు ఖాళీగానే కూర్చుంటోంది.

అందుకని ఇక్కడ చెప్పే వరస మామూలుగా పీసీ కట్టే వరసకి తలకిందులు. ముందు డిస్కులు, తర్వాత వాటికి కరెంటు, తర్వాత గాలి, ఆ తర్వాతే బోర్డూ ప్రాసెసరూ. నలుగురైదుగురున్న ఇంటికి, రెండు నుంచి నాలుగు డిస్కులు పట్టే సర్వర్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పది డిస్కుల ర్యాక్ పెట్టేవాళ్లకి ఇది సరిపోదు.

మొదటి అడుగు: కాగితం మీద లెక్క

షాపుకి వెళ్లకముందే ఒక కాగితం తీసుకోండి. ఇంట్లో ఉన్న ఫోన్లు, పాత ల్యాప్‌టాప్‌లు, పెన్‌డ్రైవులు, పెళ్లి వీడియో తీసినాయన ఇచ్చిన హార్డ్ డిస్క్ అన్నీ కలిపి ఇప్పటికే ఎంత డేటా ఉందో రాయండి. ఏడాదికి ఎంత పెరుగుతుందో పక్కన రాయండి. ఫోన్లో 4కె వీడియో తీస్తే, సెట్టింగ్‌ని బట్టి నిమిషానికి 170 నుంచి 400 ఎంబీ దాకా పడుతుంది. పిల్లల స్కూల్ యానివర్సరీ డాన్సులు గంటసేపు తీసేవాళ్లు ఆ ఒక్క రోజుకే 10 నుంచి 24 జీబీ వేసుకోవాలి.

ఇప్పుడున్న డేటాకి నాలుగేళ్ల పెరుగుదల కలిపి, ఆ మొత్తాన్ని 0.7తో భాగించండి. వచ్చిందే మీకు కావలసిన వాడకపు సైజు. డిస్క్ నిండా కుక్కితే స్పీడు పడిపోతుంది కాబట్టి ఆ జాగా వదలడం. ఇంకో మెలిక ఉంది. డబ్బా మీద 4 టీబీ అని రాసినది కంప్యూటర్లో 3.64గా కనిపిస్తుంది. షాపువాడు మోసం చేయలేదు. కంపెనీ వెయ్యి లెక్కన కొలుస్తుంది, కంప్యూటర్ 1024 లెక్కన కొలుస్తుంది, అంతే.

తర్వాత ఎన్ని డిస్కులో తేల్చుకోవాలి. రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా రాసే పద్ధతి మిర్రర్. 8 టీబీ డిస్కులు రెండు పెడితే మీకు దక్కేది 8 టీబీయే. నాలుగు డిస్కుల్లో ఒకదాని సైజు రక్షణకి పోయే పద్ధతి రెయిడ్ 5, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ భాషలో రెయిడ్‌జెడ్1. నాలుగు 4 టీబీ డిస్కులకి 12 టీబీ దక్కుతుంది. లెక్కకి రెండోదే లాభంగా కనిపిస్తుంది గానీ, మీ అవసరం 10 టీబీ లోపుంటే పెద్ద డిస్కులు రెండు తీసుకుని మిర్రర్ పెట్టండి. రెండు డిస్కులంటే తక్కువ కరెంటు, తక్కువ వేడి, తక్కువ చప్పుడు. ఒకటి పోతే రెండోది నేరుగా కాపీ అవుతుంది, మిగతా డిస్కులన్నీ కలిసి లెక్కలు కట్టుకోనక్కర్లేదు. పెంచుకోవడమూ తేలికే, తర్వాత ఇంకో జత చేర్చొచ్చు. రెయిడ్‌జెడ్‌కి ఒక్కో డిస్కూ కలుపుకుంటూ పోయే వీలు 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో గానీ రాలేదు.

రెండో అడుగు: డిస్కులు

మొత్తం బడ్జెట్‌లో సగం ఇక్కడే పెట్టండి. సగం దాటినా బాధపడొద్దు.

డిస్క్ కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు, అది సీఎంఆరా ఎస్‌ఎంఆరా అన్నది. పెంకుటిల్లు చూసే ఉంటారు కదా, పైకప్పు మీద ఒక పెంకు అంచు ఇంకో పెంకు మీద ఎక్కి ఉంటుంది. ఎస్‌ఎంఆర్ డిస్కులో డేటా రాసే గాళ్లు (ట్రాకులు) అలాగే ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. తక్కువ జాగాలో ఎక్కువ పడుతుంది, చవక. కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీదున్నవన్నీ లేపాలి. డిస్క్ కూడా అంతే. చిన్న మార్పుకి కూడా పక్కనున్న గాళ్లన్నీ తిరిగి రాయాలి. ఆ ఆలస్యం కనబడకుండా ముందు ఒక చిన్న భాగంలో గబగబా రాసుకుని, ఖాళీ దొరికినప్పుడు సర్దుకుంటుంది. ఆ భాగం నిండిందా, ఇక నత్తనడకే. సీఎంఆర్ డిస్కులో గాళ్లు విడివిడిగా ఉంటాయి కాబట్టి ఈ తంటా లేదు.

మామూలు రోజుల్లో ఈ తేడా తెలియదు. ఒక డిస్క్ పోయి, కొత్తది పెట్టి, టీబీల కొద్దీ డేటా ఆగకుండా రాయాల్సిన రోజున తెలుస్తుంది. నాకు అలాగే తెలిసింది. ఒక రాత్రిలో అవుతుందనుకున్న పని ఐదు రోజులు పట్టింది. మధ్యలో ఆ కొత్త డిస్క్ జవాబివ్వడం లేదని సర్వర్ దాన్ని బయటికి గెంటేసింది. ఉన్న ఒక్క మంచి డిస్క్ మీద ఇంటిల్లిపాది ఫొటోలు పెట్టుకుని ఆ ఐదు రోజులు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. కొన్న షాపులో అడిగితే "సార్, డిస్క్ పనిచేస్తోంది కదా" అన్నారు. నిజమే, పనిచేస్తోంది.

2020 ఏప్రిల్లో దీని మీద పెద్ద గొడవే అయింది. నాస్ (నెట్‌వర్క్ మీద నడిచే ఇలాంటి స్టోరేజ్ సర్వర్) కోసమని అమ్మిన డబ్ల్యూడీ రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ వాటిలో కొన్ని ఎస్‌ఎంఆర్ అని బయటపడింది, డబ్బా మీద ఆ ముక్క లేదు. ఆ తర్వాత కంపెనీ పేర్లు విడదీసింది. ఇప్పుడు రెడ్ ప్లస్, రెడ్ ప్రో అంటే సీఎంఆర్. సీగేట్‌లో ఐరన్‌వుల్ఫ్, తోషిబాలో ఎన్300 సీఎంఆర్. డెస్క్‌టాప్‌ల కోసం అమ్మే సీగేట్ బారాకుడాలో చాలా సైజులు ఎస్‌ఎంఆర్. రంగు పేరు నమ్మొద్దు. లేబుల్ మీదున్న పూర్తి మోడల్ నంబరు ఫోన్లో కొట్టి, కంపెనీ స్పెసిఫికేషన్ షీటులో చూసి కొనండి. కౌంటర్ దగ్గర నిలబడి చూసినా రెండు నిమిషాల పని.

మన షాపుల్లో నాస్ డిస్క్ అడిగితే చాలాసార్లు సీసీ కెమెరాల డిస్క్ చేతిలో పెడతారు. డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ ఇవే. కెమెరా రికార్డర్ల వ్యాపారం పెద్దది కాబట్టి వాటి స్టాక్ ఎప్పుడూ ఉంటుంది. పెట్టకూడదని కాదు. 24 గంటలూ తిరగడానికి చేసినవే. నాస్ డిస్క్ దొరక్కపోతే, మోడల్ నంబరు చూసి సీఎంఆర్ అని తేలితే తీసుకోవచ్చు. మామూలు డెస్క్‌టాప్ డిస్క్ మాత్రం వద్దు. చదవలేని చోటు తగిలితే అది నిమిషం పైగా అక్కడే కొట్టుకుంటూ ఉండిపోవచ్చు. నాస్ డిస్క్ ఏడు సెకన్ల లోపు చేతులెత్తేసి, ఆ ముక్క పక్క డిస్క్ నుంచి తెచ్చుకోమని సర్వర్‌కి చెప్పేస్తుంది. రెయిడ్‌లో, అంటే డిస్కుల్ని జట్టుగా నడిపేటప్పుడు, మనకి కావలసింది ఆ గుణం.

వారంటీ సంగతి తప్పనిసరిగా చూడండి. రెడ్ ప్లస్‌కీ ఐరన్‌వుల్ఫ్‌కీ మూడేళ్లు, వాటి ప్రో రకాలకి ఐదేళ్లు. కానీ వేరే దేశం కోసం తయారైన డిస్క్ ఇక్కడ కొంటే ఆ వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు. అమెరికాలో ఉన్న తమ్ముడి చేత తెప్పించుకునేవాళ్లకీ ఇదే మాట. బిల్లు కట్టేముందే సీరియల్ నంబరు కంపెనీ సైట్లో కొట్టి మన దేశంలో వారంటీ ఎప్పటిదాకా ఉందో చూపించమనండి. చూపించడానికి నసిగితే ఇంకో షాపు చూసుకోండి.

వాడిన డిస్కులు తీసుకోవచ్చా? తెలిసి తీసుకుంటే తప్పు లేదు. తెలియకుండా అంటగట్టడమే ఇబ్బంది. 2025 మొదట్లో యూరప్‌లో కొందరు అమ్మకందార్లు వేల గంటలు తిరిగిన సీగేట్ డిస్కుల్ని కొత్తవని అమ్మిన సంగతి బయటికొచ్చింది. చియా అనే క్రిప్టో కరెన్సీ కోసం వాడి పక్కన పడేసినవి వాటిలో ఉన్నాయని తేలింది. డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే స్మార్ట్ రికార్డులో తిరిగిన గంటలు సున్నా చేసేశారు. కానీ సీగేట్ డిస్క్ లోపల ఫార్మ్ అనే ఇంకో లాగ్ ఉంటుంది, అసలు గంటలు అందులో దొరికిపోయాయి. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు ఆ లాగ్ చదువుతాయి. సీగేట్ కొంటే ఇంటికి తెచ్చిన రోజే రెండు అంకెలూ పోల్చి చూసుకోండి.

రెండు డిస్కులూ ఒకే షాపులో ఒకే పెట్టెలోంచి తీసుకోకండి. ఒకే బ్యాచ్‌లో లోపముంటే రెండూ ఇంచుమించు ఒకేసారి పోయే అవకాశం ఉంది. ఒకటి ఒక చోట, రెండోది రెండు వారాలాగి ఇంకో చోట తీసుకుంటే చాలు.

మూడో అడుగు: ఎస్‌ఎంపీఎస్

ఎస్‌ఎంపీఎస్ అంటే మిషన్ మొత్తానికి కరెంటిచ్చే పవర్ సప్లై. ఎవరూ పట్టించుకోని పార్టు ఇదే. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ అక్కడే వదిలేసి రండి.

డిస్క్ తిరుగుతూ ఉన్నప్పుడు తినేది ఐదారు వాట్లే. కానీ ఆగిన పళ్లెం తిరగడం మొదలయ్యే ఆ కొద్ది సెకన్లలో 12 వోల్టుల లైను మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే 24 వాట్లు. నాలుగు డిస్కులు ఒకేసారి లేస్తే 96 వాట్లు. బోర్డు, ఫ్యాన్లు కలిపినా 200 దాటదు. కాబట్టి మంచి కంపెనీది 400, 450 వాట్లది ధారాళంగా సరిపోతుంది. 750 వాట్లది కొంటే పెద్ద ఉపయోగం లేదు. రోజంతా 30, 40 వాట్ల దగ్గర నడిచే మిషన్‌కి అంత పెద్ద ఎస్‌ఎంపీఎస్ పెడితే, ఆ తక్కువ లోడులో దాని ఎఫిషియెన్సీ పడిపోతుంది.

కొనేముందు సాటా పవర్ ప్లగ్గులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. డిస్కులకి సరిపడా లేకపోతే షాపువాడు ఒక చవక కన్వర్టర్ ఇస్తాడు. పాత నాలుగు పిన్నుల మోలెక్స్ ప్లగ్గుని సాటాగా మార్చేది. అందులో ప్లాస్టిక్‌ని వైర్ల చుట్టూ కరిగించి పోసిన రకం అసలు వాడొద్దు. లోపల వైర్లు దగ్గరదగ్గరగా ఉండి, కొన్నాళ్లకి షార్టయి అంటుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. తప్పనిసరి అయితే వైర్లని విడివిడిగా నొక్కి బిగించిన రకం అడిగి తీసుకోండి. దానికన్నా ప్లగ్గులు ఎక్కువున్న ఎస్‌ఎంపీఎస్ తీసుకోవడమే నయం.

ఇంకొకటి. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే దాని కేబుళ్లు దానికే. వేరే కంపెనీది, ఒక్కోసారి అదే కంపెనీ వేరే మోడల్‌దీ చక్కగా దూరుతుంది, కానీ లోపల పిన్నుల వరస వేరు. 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వెళ్తే డిస్కులన్నీ ఒక్క క్షణంలో పోతాయి. ఎస్‌ఎంపీఎస్ మారిస్తే కేబుళ్లు కూడా మార్చండి.

నాలుగో అడుగు: క్యాబినెట్, గాలి, చోటు

ఇప్పుడొచ్చే క్యాబినెట్లు గేమింగ్ వాళ్ల కోసం చేసినవి. ముందు అద్దం, లోపల లైట్లు, 3.5 అంగుళాల డిస్క్ పెట్టే చోట్లు మాత్రం రెండే, అవీ ఎస్‌ఎంపీఎస్ పక్కన గాలాడని మూలలో. మీకు కావలసింది ముందు జల్లెడలా ఉండి, డిస్కుల వరసకి ఎదురుగా 120 లేదా 140 ఎంఎం ఫ్యాన్ బిగించుకునే వీలున్నది. పాత మోడల్ క్యాబినెట్లలో ఇవి దొరుకుతాయి. అందంగా ఉండవు, చవక. షాపులో వెనకాల దుమ్ము పట్టి ఉన్నవాటిని చూపించమని అడగండి.

కంపెనీలు డిస్కుకి 60 డిగ్రీల దాకా పరవాలేదంటాయి. నేను 45 దాటనివ్వను. మే నెలలో మూసిన గదిలోనే 38 ఉంటే డిస్క్ 45కి చేరడానికి ఎంతో సేపు పట్టదు. నెమ్మదిగా తిరిగే ఒక పెద్ద ఫ్యాన్ డిస్కుల మీదకి నేరుగా ఊదితే ఆరేడు డిగ్రీలు దిగడం నేను చూశాను. డిస్కుల మధ్య ఒక వేలు దూరేంత సందు వదలండి.

ఎక్కడ పెట్టాలన్నది కూడా కొనుగోలులో భాగమే. అటక మీద పెట్టొద్దు, ఇంట్లో వేడంతా చేరేది అక్కడే. బట్టల బీరువాలో వద్దు. వంటింటి గోడ వెనక అయితే నూనె జిడ్డు దుమ్ముతో కలిసి ఫ్యాన్ రెక్కలకి అట్టలు కడుతుంది. పడగ్గదిలో పెట్టేటట్టయితే నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్కులే తీసుకోండి, పెద్ద 7200 రకాలు రాత్రిపూట టకటకమంటాయి. మా ఇంట్లో హాల్లో టీవీ వెనక పెట్టాం. వెనక పక్క ఖాళీ స్లాట్లకి రేకు మూతలు బిగించి ఉన్నాయో లేదో చూసుకోండి. నవ్వుకోకండి, బల్లి దూరి బోర్డు మీద చచ్చిపోయిన మిషన్ ఒకటి నేనే విప్పాను.

ఐదో అడుగు: బోర్డూ ప్రాసెసరూ

నలుగురు ఫొటోలు ఎక్కించడానికి, టీవీలో ఒక వీడియో చూడ్డానికి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు. ఇక్కడ మూడు దార్లున్నాయి.

మొదటిది, ఇంటెల్ ఎన్100 బోర్డు. 2023 జనవరిలో వచ్చిన ప్రాసెసర్, నాలుగు కోర్లు, 6 వాట్ల రకం. బోర్డుకే అతికి వస్తుంది. వీడియోని ఫోనుకి తగ్గట్టు మార్చి పంపే పని దాని లోపలున్న క్విక్ సింక్ చూసుకుంటుంది. సర్వర్‌లోని వీడియోలు టీవీలో, ఫోన్లో చూపించే జెల్లీఫిన్ వాడేవాళ్లకి ఇది పెద్ద సుఖం. లోటు ఏమిటంటే ర్యామ్ ఒకే చానెల్, సొంతంగా ఉన్న సాటా పోర్టులు రెండే. నాలుగు, ఆరు పోర్టులున్న బోర్డుల్లో మిగతావి వేరే చిప్ నుంచి వస్తాయి. ఆ చిప్ జేఎంబీ585 గానీ ఏఎస్‌ఎం1166 గానీ అయితే మంచిదే. ఒక పోర్టునే చీల్చి నాలుగు చేసే పోర్ట్ మల్టిప్లయర్ అయితే వదిలేయండి. ఒక డిస్క్ తడబడితే మిగతా మూడూ కలిసి మాయమవుతాయి.

రెండోది, సెకండ్ హ్యాండ్ ఆఫీసు కంప్యూటర్. ఐటీ కంపెనీలు లీజు అయిపోయాక వదిలేసిన ఇంటెల్ 8వ తరం ఐ5 మిషన్లు సికింద్రాబాద్‌లోనూ హైదరాబాద్‌లోనూ బాగా దొరుకుతాయి. డబ్బుకి తగ్గ విలువంటే ఇదే. కానీ పొట్టి మోడల్ కాకుండా పూర్తి టవర్ తీసుకోండి. పొట్టివాటిలో 3.5 అంగుళాల డిస్క్ ఒకటే పడుతుంది. మూత తీయించి ఎస్‌ఎంపీఎస్ ప్లగ్గు కూడా చూడండి. కొన్ని కంపెనీలు బోర్డుకి తమ సొంత తరహా ప్లగ్గు పెడతాయి, రేపు అది పోతే బయట దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ అందులో సరిపోదు.

మూడోది, కొత్త ఐ3-12100 లాంటిది, మామూలు డెస్క్‌టాప్ బోర్డుతో. డిస్కులతో పాటు ఇంట్లో ఇంకా నాలుగు ప్రయోగాలు చేసే ఆలోచన ఉంటే తప్ప ఇది ఎక్కువే.

ఏ దారయినా బోర్డు మాన్యువల్ ఒకసారి తెరవండి. ఎం.2 స్లాటులో ఎస్‌ఎస్‌డీ పెడితే ఫలానా సాటా పోర్టు పనిచేయదు అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. నాలుగు పోర్టులున్నాయని కొని, అన్నీ బిగించాక మూడే కనిపిస్తే అప్పుడు చూసి లాభం లేదు. ఎనిమిది డిస్కుల దాకా వెళ్లే ఉద్దేశం ఉంటే ఎల్‌ఎస్‌ఐ 9207-8ఐ లాంటి పాత సర్వర్ కార్డు ఐటీ మోడ్‌లో (డిస్కుల్ని ఉన్నవున్నట్టు నేరుగా సిస్టమ్‌కి చూపించే మోడ్) ఉన్నది తీసుకోండి. అది వేడెక్కుతుంది, దానికీ గాలి తగలాలి.

కరెంటు లెక్క వేసుకోండి. సర్వర్ సగటున 30 వాట్లు తింటే రోజుకి 0.72 యూనిట్, నెలకి సుమారు 22 యూనిట్లు. చూడ్డానికి చిన్నదే. కానీ తెలంగాణలో గృహజ్యోతి మీద సున్నా బిల్లు అందుకుంటూ 190 యూనిట్ల దగ్గర నడిచే ఇంటికి ఆ 22 కలిస్తే 200 గీత దాటిపోతుంది, ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. అలాంటి ఇంటికి ఎన్100, రెండే డిస్కులు.

ఆరో అడుగు: ర్యామ్, బూట్ డిస్క్

ఒక టీబీకి ఒక జీబీ ర్యామ్ అన్న పాత సూత్రం ఇంటికి వర్తించదు. సర్వర్‌ని నడిపే సిస్టమ్ ట్రూనాస్ అయితే దానికి కనీసం 8 జీబీ కావాలి, ఫొటోల యాప్ లాంటివి కూడా నడిపితే 16 హాయిగా సరిపోతుంది. డెబియన్ మీద కట్టిన ఓపెన్‌మీడియావాల్ట్ ఇంకా తక్కువతో సర్దుకుంటుంది. ఒకేలా ఉన్న డేటాని ఒక్కసారే దాచే డీడూప్లికేషన్ అనే ఆప్షన్ కనిపిస్తే ముట్టుకోవద్దు, ర్యామ్ మొత్తం మింగేస్తుంది.

ఈసీసీ ర్యామ్ కావాలా అన్నది నెట్‌లో ఎడతెగని జగడం. ర్యామ్‌లో ఒక బిట్టు తారుమారైతే పట్టుకుని సరిచేస్తుంది కాబట్టి మంచిదే. కానీ దానికి ప్రాసెసరూ బోర్డూ కూడా సహకరించాలి, మన దగ్గర దొరికే చవక బోర్డుల్లో అది ఉండదు. డీడీఆర్5 కర్రల మీద ఈసీసీ అని రాసి ఉన్నా తొందరపడొద్దు. చిప్ లోపలి ఈసీసీ వేరు, మనం అంటున్న ఈసీసీ వేరు. ఈసీసీ కోసం పెట్టే అదనపు డబ్బుతో బ్యాకప్ డిస్క్ ఇంకోటి వస్తుందంటే నేను డిస్కే కొంటాను.

సిస్టమ్ ఎక్కించుకోవడానికి చిన్న ఎస్‌ఎస్‌డీ, 128 జీబీ చాలు. పెన్‌డ్రైవ్ మీద పెట్టొద్దు, రాసి రాసి అరిగిపోతుంది. అన్‌రెయిడ్ లాంటిది పెన్‌డ్రైవ్ మీద నుంచి నడిచేలా చేశారు, కానీ అది డబ్బు పెట్టి కొనుక్కునే సిస్టమ్.

ఏడో అడుగు: నెట్‌వర్క్

గిగాబిట్ లైను మీద మీకు దక్కేది సెకనుకి 110 ఎంబీ పైచిలుకు. ఒక్క డిస్కే అంతకన్నా వేగంగా చదవగలదు. 2.5 గిగాబిట్ అయితే 280 దాకా వస్తుంది, దానికి పాత క్యాట్ 5ఈ వైరు కూడా సరిపోతుంది. అయితే ఇంట్లో అందరూ వైఫై మీదే ఉంటే ఈ డబ్బు దండగ. సర్వర్ నుంచి రౌటర్ దాకా మాత్రం వైరే వేయండి. ఆ వైరు కొనేటప్పుడు స్వచ్ఛమైన రాగిది అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసినది క్యాట్ 6 అని సగం ధరకి అమ్ముతారు, గోడలోకి పోయాక తీసి మార్చాలంటే ఎంత కష్టమో మీకు తెలుసు.

బయట ఊరు నుంచి కూడా ఫొటోలు చూడాలంటే రౌటర్లో పోర్టులు తెరవొద్దు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) ఇంటర్నెట్‌కి నేరుగా తెరిచి ఉంచిన క్యూనాప్ కంపెనీ నాస్‌ల మీదే పడింది. వైర్‌గార్డ్ గానీ టెయిల్‌స్కేల్ గానీ, అంటే మీ ఫోనుకీ సర్వర్‌కీ మధ్య రహస్య దారి వేసే వీపీఎన్, వాడండి. మన బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు చాలావరకు ఇంటికి సొంత పబ్లిక్ ఐపీ ఇవ్వవు, అక్కడ టెయిల్‌స్కేల్ తేలిగ్గా పనిచేస్తుంది.

ఎనిమిదో అడుగు: యూపీఎస్, ఎర్తింగ్

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, మళ్లీ యూపీఎస్ ఎందుకు అని మా నాన్నగారు అడిగారు. సరైన ప్రశ్నే. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది. అందులో పెడితే కరెంటు పోయిన క్షణంలో చాలా త్వరగా బ్యాటరీ మీదకి మారుతుంది, మామూలు మోడ్‌లో మారే లోపు సర్వర్ రీస్టార్ట్ అయిపోవచ్చు. కానీ ఇన్వర్టర్‌కి ఒక లోటుంది. బ్యాటరీ అయిపోవస్తోందని అది సర్వర్‌కి చెప్పలేదు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు కరెంటు పోయి, ఫ్యాన్లన్నీ తిరిగి, బ్యాటరీ ఖాళీ అయితే సర్వర్ నోట్లో మాట నోట్లోనే ఉండగా ఆగిపోతుంది.

అందుకే యూఎస్‌బీ పోర్టున్న యూపీఎస్ కావాలి. మన దగ్గర అమ్మే చవక 600 వీఏ రకాల్లో చాలావాటికి ఆ పోర్టు ఉండదు, వెనక్కి తిప్పి చూసి కొనండి. నట్ అనే సాఫ్ట్‌వేర్ ఆ మోడల్‌ని గుర్తుపడుతుందో లేదో దాని జాబితాలో చూడండి. అప్పుడు బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనంతట తనే పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. ఎక్కువసేపు నిలబెట్టక్కర్లేదు, ఐదు నిమిషాలు చాలు. బ్యాటరీ రెండు మూడేళ్లకి మార్చాలన్నది ఖర్చులో కలుపుకోండి. తిరిగి కరెంటు వచ్చాక సర్వర్ దానంతట అదే లేవాలంటే బయోస్‌లో కరెంటు వచ్చాక ఆన్ చేసే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టండి.

క్యాబినెట్ రేకు ముట్టుకుంటే వేళ్లు జిల్లుమంటున్నాయా? ఆ సాకెట్‌కి ఎర్తింగ్ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి భూమిలోకి పోవాల్సిన కొద్దిపాటి కరెంటు పోయే దారి లేక రేకు మీదే ఉంటోంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సరిచేయించిన తర్వాతే డిస్కులు బిగించండి.

తొమ్మిదో అడుగు: డేటా పెట్టకముందే పరీక్ష

అన్నీ బిగించాక ఫొటోలు ఎక్కించాలని చేతులు దురద పెడతాయి. ఒక వారం ఆగండి. ముందు ర్యామ్‌కి మెమ్‌టెస్ట్ ఒక రాత్రంతా నడపండి. తర్వాత ప్రతి డిస్కుకీ స్మార్ట్ లాంగ్ టెస్ట్, అంటే డిస్క్ తనని తాను మొత్తం చదివి చూసుకునే పరీక్ష. 8 టీబీ డిస్కుకి సగం రోజు పైనే పడుతుంది. దాని తర్వాత బ్యాడ్‌బ్లాక్స్ అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తం రాసి, చదివి చూడండి. అది ఉన్న డేటానంతా తుడిచేస్తుంది కాబట్టి ఖాళీ డిస్క్ మీదే. నాలుగు రోజులు పట్టినా పట్టనీయండి. చివర్లో స్మార్ట్ రికార్డులో 5, 197, 198 వరసలు (చెడిన, అనుమానంగా ఉన్న చోట్ల లెక్కలు) సున్నా ఉండాలి. ఏదైనా పెరిగితే షాపులో మార్చుకునే గడువు ఇంకా మీ చేతిలోనే ఉంటుంది. 199వ వరస పెరుగుతుంటే ముందు డిస్కుని అనుమానించకండి, సాటా కేబుల్ మార్చి చూడండి.

ఈ వారం రోజుల్లోనే బ్యాకప్ డిస్క్ కూడా కొనేయండి. మిర్రర్ అనేది డిస్క్ పోతే కాపాడుతుంది, అంతవరకే. పొరపాటున ఫోల్డర్ చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది. సర్వర్‌ని దొంగ ఎత్తుకుపోతే రెండూ పోతాయి. ఒక యూఎస్‌బీ డిస్క్, ఇక్కడ ఎస్‌ఎంఆర్ అయినా పరవాలేదు, తీసుకుని మొత్తం కాపీ చేసి వేరే ఊళ్లో పెట్టండి. మేం రెండు డిస్కులు తిప్పుతాం. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు కొత్త కాపీ పట్టుకెళ్లి అమ్మ బీరువాలో పెట్టి, అక్కడున్న పాతది తెచ్చుకుంటాం. దసరాకి మళ్లీ అదే పని. ఏడాదికి రెండు ప్రయాణాలు ఎలాగూ ఉన్నాయి.

చివరిగా, ప్రతి డిస్క్ సీరియల్ నంబరు చివరి నాలుగు అక్షరాలు ఒక చిన్న స్టిక్కర్ మీద రాసి, క్యాబినెట్ మూత తీయగానే కనిపించే వైపు అంటించండి. తర్వాత మిషన్ ఆపి, ఒక డిస్క్ సాటా కేబుల్ పీకేసి మళ్లీ ఆన్ చేయండి. పోయిన డిస్క్ నంబరుతో మీ ఫోనుకి అలర్ట్ రావాలి. ఆ నంబరూ మీరు పీకిన డిస్క్ మీది స్టిక్కరూ ఒకటేనా చూడండి. ఒకటే అయితే మళ్లీ ఆపి కేబుల్ బిగించి, మొదటి ఫోన్ ఫొటోలు ఎక్కించడం మొదలుపెట్టొచ్చు.